భీమన్న బర్రె కింద పేరు

భీమన్నది ఇనుప పని. రేకు ఎక్కడ కొయ్యాలో అక్కడ బలపంతో గీత గీస్తాడు. బళ్లో పలక మీద రాసుకున్న బలపమే, కాకపోతే లావుగా ఉంటుంది. మంట తగిలినా దాని గీత చెరగదు. సబ్బులా మెత్తని రాయి. అరిగిన ముక్కల్ని అందరూ పారేస్తారు. భీమన్న మాత్రం విరిగిన రంపం బ్లేడుతో వాటిని చెక్కుతాడు. అలా పుట్టింది ఆ బర్రె. బొటనవేలంత ఉంటుంది. మోకాళ్లు మడుచుకుని, దవడ ఒక పక్కకు లాగి నెమరేస్తూ ఉంటుంది.

బహ్రెయిన్‌లోని అద్లియాలో ఒక గ్యాలరీకి భీమన్న స్టాండ్లు బిగించడానికి వెళ్లినప్పుడు అతని దగ్గర దాన్ని సహస్ర చూసింది. అక్కడ ఉద్యోగం చేసే కాకినాడ అమ్మాయి. ఈ మెత్తరాతి బొమ్మలతోనే ప్రదర్శన పెడుతున్నామని చెప్పి బర్రెను అడిగి తీసుకుంది. శుక్రవారం సాయంత్రం భీమన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, కూలీల క్యాంపులో పక్క మంచం దేవేందర్‌ను వెంటేసుకుని చూడ్డానికి పోయాడు.

ఉత్తరాన మంచులో బతికే ఇన్యూయిట్లు చెక్కిన ఎలుగుబంటి నల్లగా, నున్నగా గుప్పిట్లో ఒదిగిపోయింది. భీమన్న దాన్ని తిరగేశాడు.

"అమ్మా, కింద గీ గీతలేంది?"

"చెక్కినాయన పేరండీ. వాళ్ల లిపిలో."

చైనావాళ్ల ముద్ర మీద సింహం కూర్చుని ఉంది. దాని పక్కన కూడా అక్షరాలున్నాయి. అదీ పేరేనంది సహస్ర.

"మరి నా బర్రె ముందర చీటీల ఏం రాసిండ్రు?"

సహస్ర చీటీ చదివింది. "భారతీయ కార్మికుడి చేతిపని... అని."

దేవేందర్ పగలబడి నవ్వాడు. "ఓ కార్మికుడా, జర పక్కకు జరుగు!"

భీమన్నకు నవ్వు రాలేదు. "మా అవ్వ నాకు గా పేరు పెట్టలె. ఎలుగుబంటి చేసినోనికి పేరుంది, సింహం చేసినోనికి పేరుంది. నాకెందుకు లేదు?"

"మేనేజర్ గారు అలా రాయించారండీ. ప్రింటు కూడా అయిపోయింది. పావుగంటలో జనం వచ్చేస్తారు."

"అయితే నా బర్రె నాకియ్యి. ఖలాస్."

బెదిరింపు కాదది. బహ్రెయిన్‌లో ఎన్ని మేడలు లేపినా ఒక్కదాని మీదా కట్టినవాడి పేరుండదు. కట్టించేవాళ్లకు పని కావాలి, పేరు అక్కర్లేదు. ఈ వేలెడు రాయి మీద కూడా అక్కర్లేదంటే ఎలా?

సహస్ర బర్రెను చూసింది, ఎలుగుబంటిని చూసింది. చీటీని నాలుగు ముక్కలు చేసింది. "మీరు పేరు చెక్కండి. కొత్త చీటీ నేను రాస్తాను. మేనేజర్ గారి సంగతి నేను చూసుకుంటాను."

భీమన్న జేబులోంచి బ్లేడు ముక్క తీశాడు.

"కొమ్ములు ఇరుగుతయ్ రా!" అన్నాడు దేవేందర్.

"నోరు మూస్కో."

బర్రెను అరచేతిలో తిరగేసి, కొమ్ముల్ని రెండు వేళ్ల సందున పెట్టుకున్నాడు. 'భీ' పడింది. పొడి ఊదాడు. 'మ' పడింది. 'న్న' దగ్గర బ్లేడు జారి టక్‌మంది. భీమన్న కళ్లు మూసుకున్నాడు.

"కొమ్ములున్నయా?" కళ్లు మూసుకునే అడిగాడు భీమన్న.

"రెండూ ఉన్నయ్! దవడ గూడ ఉంది!" దేవేందర్ ఎగిరి గంతేశాడు.

తలుపులు తీశారు. జనం వచ్చారు. సహస్ర బర్రెను సరిగ్గా కూర్చోబెట్టి అటు తిరిగిందో లేదో, అది మళ్లీ వెల్లకిలా పడి ఉంది, పేరు పైకి పెట్టుకుని. మళ్లీ సర్దింది. మళ్లీ అంతే. పక్కనే భీమన్న చేతులు కట్టుకుని, ఏమీ ఎరగనట్టు నిలబడ్డాడు.

"బర్రె ఎక్కడైనా అలా పడుకుంటుందా అండీ?" నవ్వాపుకోలేక అడిగింది.

"గియ్యాల గట్లనే పంటదమ్మా."