సోమలింగం జోరీగ

అద్దం ముందు నిలబడి సోమలింగం మెడ కడుక్కుంటున్నాడు. లోకమంతా పొద్దున్నే లేచి ముఖం కడుక్కుంటుంది. ఆయన మాత్రం మెడ సంగతి చూశాకే ముఖం జోలికి పోతాడు. చొక్కా మొదటి గుండీ ఉండాల్సిన చోట రూపాయి బిళ్లంత రంధ్రం. ఉప్పునీళ్లలో తడిపిన దూదితో దాని అంచులు తుడిచాడు. రాత్రి ఎండి అంటుకున్నదాన్ని చిన్న చిమటాతో పొలుసు పొలుసుగా తీశాడు. చివర గట్టిగా దగ్గాడు. దగ్గు నోట్లోంచి రాలేదు. మెడలోంచి దూసుకొచ్చి అద్దం మీద ఆవిరై కూర్చుంది. అరచేత్తో దాన్ని తుడిచి, లోపలున్న మనిషి ఇంకా తనే అని తేల్చుకున్నాడు.

తర్వాత పాత నూలు తువ్వాలు కత్తిరించి కుట్టుకున్న గుడ్డను నాలుగు మడతలు పెట్టి, రంధ్రం మీద ఆనించి, వెనక ముడి వేసుకున్నాడు. సూరత్ బట్టంతా పాలిస్టరే. ఒంటికి చుట్టుకోవడానికి బాగానే ఉంటుంది గానీ ఊపిరికి చుట్టుకోవడానికి పనికిరాదు.

సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చిన కొత్తలో, అమ్రోలిలోని బట్టల కార్ఖానాలో సోమలింగం నిద్ర ఆపుకోవడానికి గుట్కా పట్టాడు. కొన్నేళ్లకు గుట్కా ఆయన గొంతు పట్టింది. చివరికి స్వరపేటికను గుటకాయ స్వాహా చేసింది. నాలుగేళ్ల కిందట డాక్టర్లు ఆ పేటికను మొత్తంగా తీసేసి, గాలిగొట్టాన్ని మెడ ముందుకు తిప్పి కుట్టేశారు. అప్పట్నుంచి ముక్కుకూ ఊపిరికీ పొత్తు లేదు. సోమలింగం అప్పుడూ ముక్కుసూటి మనిషే, ఇప్పుడూ ముక్కుసూటి మనిషే; గాలి ఒక్కటే అడ్డదారి పట్టింది. గాలి పోని ముక్కుకు వాసనలూ తెలియవు. ఇక చెవులంటారా, వాటిని ఏనాడో సాంచాలకు సమర్పించుకున్నాడు. ఆ మరమగ్గాల మోతలో ముప్పై ఏళ్లు నిలబడ్డవాడికి పెళ్లి బాజా కూడా పక్కింటి గుసగుసలాగే వినిపిస్తుంది. చెవి, ముక్కు, గొంతు మూడూ అలా పోయినా, మూడింటికీ డాక్టరు ఒక్కరే కావడం తన అదృష్టమని ఆయన అనేవాడు.

అనేవాడంటే, జోరీగతో అనేవాడు. అది టార్చిలైటంత యంత్రం. దవడ కింద ఆనించి మీట నొక్కితే జుయ్యిమంటుంది. ఆ మోతను నోట్లో పట్టి, పెదవులతో, నాలుకతో మాటలుగా మలచుకోవాలి. జోరీగ అని పేరు పెట్టింది భార్య పద్మారాణి. దానికి ఒకటే రాగం. కూర బాగుందన్నా అదే, కూర మాడిందన్నా అదే. అందుకని పద్మారాణి ఈ నాలుగేళ్లలో రెండోమాట ఒక్కసారీ విన్నట్టు ఒప్పుకోలేదు.

వంటింటి గోడకున్న ఛార్జరులో జోరీగ పడుకుని ఉంది. ఎర్రదీపం పచ్చబడేదాకా ఆగి, దాన్ని తీసి జేబులో వేసుకున్నాడు. పద్మారాణి ఒక మాస్కు తెచ్చి మరో జేబులో కుక్కింది. ఇవాళ దవాఖాన దగ్గర పేచీ పెట్టుకోవద్దనీ, ఒక్కపూటకు మూతికి కట్టుకుంటే ముల్లె పోదనీ చెప్పింది. ఆయన తల ఊపాడు. ఏ పక్కకు ఊపాడో ఆమెకు తెలియనివ్వలేదు.

రెండో విడత కరోనా మొదలవుతున్న మార్చి నెల అది. కార్ఖానాలో మధ్యాహ్నం దాకా ఎప్పటిలాగే గడిచింది. సోమలింగం సాంచాల మధ్య నడుస్తూ, తెగిన పోగును తడి వేళ్లతో ముడేస్తూ, దారం అయిపోయిన కండె మారుస్తూ తిరిగాడు. ఆ మోతలో ఎవడికీ ఎవడి మాటా వినిపించదు. పెదవులు సాగదీసి, చేతి సైగలు కలిపి మాట్లాడుకోవాల్సిందే. బయట గొంతున్నవాడిదే రాజ్యం కావచ్చు. లోపల గొంతున్న సేఠూ, గొంతు లేని సోమలింగమూ ఒక్కటే. ఆపరేషన్ అయ్యాక ఆయన మళ్లీ పనికొచ్చిన రోజున పక్క సాంచాల నర్సింగం రెండు చేతులూ ఊపి, మూడు బారల దూరం నుంచి, ఇన్నాళ్లూ ఏ అత్తగారింట్లో పండుకున్నావని పెదవులతో తిట్టాడు. ఏమీ మారలేదని సోమలింగానికి అప్పుడే నమ్మకం కలిగింది.

ఆ నర్సింగం సాంచాల దగ్గర ఇవాళ ఎవరో కొత్త మనిషి ఉన్నాడు. నర్సింగం దవాఖానలో ఉన్నాడు. లాక్‌డౌన్‌లో అతని గొంతు బొంగురుపోయింది. దవాఖానకు పోతే కరోనా అంటగడతారని భయపడి, మిరియాల కషాయం తాగుతూ ఏడాది నెట్టుకొచ్చాడు. ఇప్పుడు మెట్లెక్కితే ఊపిరి ఈల వేస్తోంది. గొంతులోని పుండును రేడియేషన్ కరెంటు పెట్టి కాల్చే దశ దాటిపోయిందనీ, పేటిక తీసేస్తేనే మనిషి దక్కుతాడనీ డాక్టరు చెప్పింది. మనిషి ససేమిరా అన్నాడు. సాయంత్రం బండికి సిరిసిల్ల పోతానని సంచీ సర్దుకున్నాడు. సోమలింగం సగం పూట సెలవు పెట్టింది అందుకే.

షేరింగు ఆటోలో తాపీ నది దాటి దవాఖాన గేటు దగ్గర దిగాడు. గేటు కాపలావాడు కాళ్లకు అడ్డంగా కర్ర పెట్టాడు.

"ఏ కాకా, మాస్క్ ఉపర్!"

అతని తప్పేం లేదు. ఏడాదిగా గడ్డానికి మాస్కు కట్టిన గడుగ్గాయిలను చూసి చూసి విసిగిపోయాడు. ఈ ముసలాయన గడ్డం కూడా దాటేసి మెడ దాకా దిగజారాడనుకున్నాడు. సోమలింగం గుడ్డ పైకెత్తి రంధ్రం చూపించి, జోరీగ నొక్కాడు.

"భయ్యా, మేరా నాక్ ఇధర్ హై."

మెడలో ముక్కున్న మనిషిని కాపలావాడు అంతవరకు చూడలేదు. రెండడుగులు వెనక్కి వేశాడు గానీ కర్ర మాత్రం తీయలేదు. మూతికి మాస్కు ఉండాలని పైవాళ్ల ఆర్డరన్నాడు. సోమలింగం జేబులో పద్మారాణి పెట్టిన మాస్కు ఉంది. దాన్ని కట్టేసుకుంటే గొడవే లేదు. కానీ జోరీగ మోత మాత్రమే ఇస్తుంది, మాటను చెక్కేది పెదవులే. వాటికి పరదా వేస్తే మిగిలేది జుయ్యి ఒక్కటే. ఊపిరే ఆడని నోటికి మాస్కు కట్టి, ఉన్న కాసిని మాటలూ మూసుకోమనడం సోమలింగానికి మింగుడుపడలేదు. నోరు మూసుకోవడానికా అన్నేసి నెలలు అద్దం ముందు కూర్చుని మాట నేర్చుకున్నది? గేటు పక్కన ఎండలో చతికిలబడ్డాడు. లోపలికి పంపిస్తే పోతాడు, లేకపోతే పోడు. మూతికి మాత్రం కట్టుకోడు.

చివరికి కబురు విని, నర్సింగాన్ని చూస్తున్న డాక్టరు కోమలే దిగి వచ్చింది. తెలుగు రైల్వే ఉద్యోగి కూతురు, సూరత్‌లోనే పెరిగిన పిల్ల. సోమలింగం గొంతు కోసింది ఆమె గురువుగారు. మాట నేర్పింది ఆమె. కాపలావాడికి గుజరాతీలో అంతా విడమరిచి చెప్పి, ఆయన్ని వెంటబెట్టుకుపోయింది.

"కాకా, ఆజ్ ఫైనల్ చెప్పాలి ఆయన. రేపటి నుంచి ఈ వార్డు కరోనాకి ఇచ్చేస్తున్నారు. ఇవాళ హా అంటే వేరే చోట బెడ్ పట్టి ఉంచుతా. లేదంటే మళ్లీ ఎప్పుడో నాకే తెలీదు."

నర్సింగం మంచం మీద గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. ఒళ్లో సంచీ. సోమలింగం జోరీగతో పలకరించగానే రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు.

"నాకు గా తుమ్మెద గొంతొద్దన్నా," అన్నాడు బొంగురుగా. ప్రతి మాటకూ ఈల తోడొస్తోంది. "నా బిడ్డను నేను పిలిస్తే అది జడుసుకోవాల్నా? సచ్చినా నా గొంతుతోనే సస్త."

సోమలింగం జోరీగతో రకరకాలుగా చెప్పి చూశాడు. బుజ్జగింపు కూడా జుయ్యిమనే వచ్చింది. జోరీగలో ఓదార్పుకు మీట లేదు. నర్సింగం చెవుల మీద చేతులు తీయలేదు.

అప్పుడు సోమలింగం ఒక పని చేశాడు. జోరీగను జేబులో వేసి, మంచం దగ్గర్నుంచి వెనక్కి నడిచాడు. సాంచాల దగ్గర వాళ్లిద్దరి మధ్య ఎంత దూరం ఉండేదో అంత దూరంలో ఆగి, రెండు చేతులు పైకెత్తి ఊపాడు. కండె అయిపోయిందని పక్కవాడికి చెప్పే సైగ అది. ఎన్నేళ్ల అలవాటో, నర్సింగం తల తటాలున ఇటు తిరిగింది.

సోమలింగం పెదవులు సాగదీసి, చప్పుడు లేకుండా మొదలుపెట్టాడు. పిరికి నా కొడకా అన్నాడు. సాంచా ఆగిపోతే బాగుచేసే మాస్టరును పిలుస్తావు గానీ సంచీ సర్దుకుంటావురా అన్నాడు. ఆ వెనక నర్సింగం నేసిన గుడ్డలో ఎన్ని బొక్కలుంటాయో చెప్పాడు.

నర్సింగం భరించలేకపోయాడు. మాస్కు లాగి పారేశాడు. పెదవులు అంతకు రెండింతలు సాగదీసి, చేతులు గిరగిర తిప్పుతూ, తను నేసిన గుడ్డను అనే మొగోడు అమ్రోలిలోనే పుట్టలేదన్నాడు. ఆ మధ్య సోమలింగం పోగులు తెంపితే తను మీదేసుకున్న వైనం తవ్వి తీశాడు. సోమలింగం అతని బావమరిది ఊసెత్తాడు. నర్సింగం సంచీని మంచం మీదికి విసిరి లేచి నిలబడ్డాడు. వార్డులో చీమ చిటుక్కుమనలేదు. ఇద్దరు మనుషులు వీధి దద్దరిల్లేంత పోట్లాట నిశ్శబ్దంగా పోట్లాడుకుంటుంటే డాక్టరు కోమలి కేసు షీటు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

సోమలింగం ఒక చెయ్యి ఎత్తి ఆపమన్నాడు. జోరీగ బయటికి తీసి దవడకు ఆనించాడు.

"గిప్పుడు నన్ను తిట్టినవు గదరా. ఏ గొంతుతోని తిట్టినవ్?"

నర్సింగం వేళ్లతో తన పెదవులు తడుముకున్నాడు.

"ఇర్వై ఏండ్లు పక్కపక్క సాంచాలు. నీ గొంతు నేనెన్నడన్న ఇన్ననార? నాది నువ్విన్నవా? మన దోస్తానా ఆగిందా?"

నర్సింగం మంచం మీద కూలబడ్డాడు. తర్వాత పెదవులతోనే అడిగాడు: మరి బిడ్డను పిలవాలంటే? అది సాంచాల మోతలో పెరగలేదు, పెదవులు చదవడం దానికి రాదు.

కొత్తది దొరికేదాకా తన జోరీగ ఇస్తానన్నాడు సోమలింగం. అన్నాళ్లూ తను ఊరుకుంటాడట. పద్మారాణి మొక్కులు తీర్చుకుంటుందట. గొంతెమ్మ కోరికలు చాలించి ఆపరేషన్ కాగితం మీద వేలిముద్ర వెయ్యమన్నాడు. నర్సింగం వేశాడు.

ఆపరేషన్ సరిగ్గానే జరిగింది. నర్సింగం మెడ మానుతుండగానే ఏప్రిల్ ఎండలతో పాటు జ్వరాలు ముదిరాయి. సోమలింగానికీ వచ్చింది. ఇంటికొచ్చిన ఆరోగ్య కార్యకర్త వాసన తెలుస్తోందా అని అడిగితే, నాలుగేళ్లుగా తెలియడం లేదని చెప్పి ఆమెను హడలగొట్టాడు. అంబులెన్సు ఎక్కించే హడావిడిలో, ఇంకా నర్సింగానికి ఇవ్వని జోరీగ ఛార్జరులోనే ఉండిపోయింది.

దవాఖానలో ఆక్సిజన్ మాస్కును ముక్కుకూ మూతికీ కట్టారు. ఆయన దాన్ని కిందికి లాగి మెడకు పెట్టుకున్నాడు. కొత్తగా చేరిన నర్సు మనిషికి సోయి తప్పిందనుకుని మళ్లీ పైకి కట్టింది. ఆయన మళ్లీ కిందికి లాగాడు. చేతిలో యంత్రం లేదు, పెదవులు చదివేవాడు ఆ వార్డులో లేడు, అయినా తగ్గలేదు. మూడోసారి ఆమె చేతిని పట్టుకుని తన మెడ దగ్గర ఉంచాడు. గాలి వేళ్లకు తగిలాక ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు. గుడ్డ తప్పించి చూసి, మాస్కును తానే అక్కడ కట్టింది. కరోనా డ్యూటీలో ఉన్న కోమలి వచ్చి, మంచం తలాపున పెద్ద కాగితం అంటించి, గుజరాతీలో, హిందీలో రాసింది: ఈయన ముక్కు మెడలో ఉంది. కింద ఒక బాణం గుర్తు కూడా వేసింది. సోమలింగం దాన్ని తల తిప్పి చూసి, బొటనవేలు ఎత్తాడు.

మర్నాడు కోమలి ఫోను పట్టుకుంటే వీడియోలో పద్మారాణిని చూశాడు. పెదవులు కదిలించాడు. ఏమన్నాడో కోమలికి అర్థం కాలేదు. సాంచాల పక్కన కండెలు చుట్టిన పద్మారాణికి అర్థమైంది. జోరీగను వానికియ్యి, అన్నాడు.

ఆ తర్వాతి మధ్యాహ్నం, వార్డులో భోజనాలు పంచే వేళ, సోమలింగం పోయాడు. చెయ్యి మెడ దగ్గర మాస్కును పట్టుకునే ఉంది.

తొలి వానలు పడ్డాక నర్సింగం మెడకు నూలు గుడ్డ కట్టుకుని సోమలింగం ఇంటికి వచ్చాడు. పద్మారాణి ఏమీ అడగకుండా జోరీగను అతని చేతిలో పెట్టి, చాయ్ పెట్టడానికి వంటింట్లోకి పోయింది. అతను దాన్ని దవడ కింద అటూ ఇటూ జరిపి, చోటు వెతుక్కుని, మీట నొక్కాడు.

"వదినా," అంది జోరీగ.

అదే రాగం. చాయ్ పొంగి పొయ్యిలో పడింది. పద్మారాణి వెనక్కి తిరగలేదు. కొంగుతో మూతి తుడుచుకుని, పొయ్యి తుడిచి, చాయ్‌లో చక్కెర ఎక్కువైతే చెప్పమంది. ఎక్కువైందని చెప్పింది జోరీగ. నాలుగేళ్లలో మొదటిసారి, జోరీగ వంక పెడితే విన్నట్టు ఆమె ఒప్పుకుంది.

పోతూ పోతూ నర్సింగం గోడ వైపు చూపించి, ఛార్జర్ కూడా ఇవ్వమని అడిగాడు.

"ఇయ్య," అంది పద్మారాణి. "అది గోడకే ఉంటది. గొంతు అయిపోయినప్పుడల్ల వచ్చి నింపుకొని పో. ఊకె పోకు, నాల్గు మాటలు తిట్టి పో."

అతను మెట్లు దిగిపోయాడు. వంటింటి గోడ మీద ఖాళీ ఛార్జరు, స్విచ్చి వేసే ఉంది, చిన్న ఎర్రదీపంతో వెలుగుతోంది.