పిడికెడు బెల్లం

పెద్దపల్లిలో కొమురవ్వ కిరాణా కొట్టుకు వెళ్ళి "చూపుకు కిలో ఉంటది, ఇచ్చెయ్యరాదూ" అంటే ఇక మీ పని అయిపోయినట్టే. భర్త పోయాక ఇరవయ్యేళ్ళుగా కొట్లోని తక్కెడను, ఆ తరాజునే పట్టుకుని కొడుకును పెంచింది. కంటితో చూసి తూకం చెప్పేవాళ్ళంటే ఆమెకు ఒళ్ళు మంట. అలాంటి మనిషి, కోడలు అనసూయ పురిటి మంచం మీద బిడ్డకు మొదటిసారి పాలివ్వబోతుంటే ఒక్క చూపు చూసి తీర్పు చెప్పేసింది.

"గింతంత రొమ్ములల్ల పాలు ఏడికెళ్లి వస్తయే? పోరడు ఎండిపోతడు."

అనసూయ సన్నటి పిల్ల. తల్లి లేదు కనుక తొలికాన్పు అత్తగారింట్లోనే అయింది. పక్కింటి యాదవ్వ కూడా వచ్చి చూసి, పాపం అన్నట్టు తలాడించి పోయింది. పదోరోజుకల్లా ఉగ్గుగిన్నెతో నీళ్ళు కలిపిన బర్రెపాలు మొదలయ్యాయి. వాటితో కడుపు నిండిన పిల్లాడు తల్లి దగ్గర తాగడం తగ్గించాడు. వాడు తాగకపోయేసరికి పాలూ తగ్గాయి.

"చూసినవా, నేను చెప్పలే?" అంది కొమురవ్వ.

అనసూయ తన ఒంటిని చూసుకుని తానే సిగ్గుపడింది. మొగుడు అంబదాస్ మంచివాడే గానీ, ఇది ఆడవాళ్ళ సంగతని తల దించుకుని కొట్లోకి జారుకునేవాడు. మూడోవారం పిల్లాడికి విరేచనాలు పట్టుకున్నాయి. మొహం పీక్కుపోయిన కొడుకును చూసి, వీణ్ణి నేనే చంపుకుంటున్నానా అని ఆమె పదేపదే వాడి ఊపిరి చూసుకుంది.

అప్పుడొచ్చింది దెబోరా. మిషన్ దవాఖానలో నర్సు, పసిపిల్లలకు సూదులు వెయ్యడానికి వీధుల వెంట తిరుగుతుంది. పిల్లాణ్ణి చూసింది, గిన్నెను చూసింది, గిన్నె మీది ఈగనూ చూసింది. పిల్లాడికి ముందు మందు పట్టించి, ఆ తర్వాత కొమురవ్వ వైపు తిరిగింది.

"అక్కా, గీ గిన్నె జర పక్కకు పెట్టు. రొమ్ము పెద్దగ కనవడేది కొవ్వుతోటి. పాలు తయారయ్యే గ్రంథులు చిన్నగున్నోళ్ళకూ ఉంటయి. బిడ్డ ఎంత తాగితే గంత ఊర్తయి. జర ఎక్కువసార్లు ఇయ్యాలె, గంతే."

"పుస్తకాల మాటలు నాకు చెప్పకు నర్సమ్మా."

"సరే, మాటలెందుకు? నీ తరాజుల పెట్టి జోకుదాం."

కొమురవ్వ గుండె మీద చెయ్యేసుకుంది. "పసిపోరణ్ణి జోకుతరా? దిష్టి తాకుతది!"

దెబోరా గది మూలకు చూసింది. అక్కడ పసుపుగుడ్డ కప్పిన బెల్లం ఉంది. మనవడు బతికి బట్టకడితే, రాబోయే మేడారం జాతరలో వాడి బరువుకు సరితూగే ఎత్తు బెల్లం సమ్మక్కకు సమర్పిస్తానని కొమురవ్వ మొక్కుకుంది.

"మరి సమ్మక్క తల్లికి ఎత్తు బెల్లం ఎట్ల ఇస్తవక్కా? జోకకుండనే?"

కొమురవ్వ పసుపుగుడ్డ తీసి, బెల్లాన్ని ఒకసారి చూసుకుంది. తూకం వెయ్యని మొక్కు ఆమెకే నచ్చలేదు.

ఆ సోమవారమే కొట్లో తరాజు వేలాడదీశారు. ఒక తట్టలో గుడ్డలు విప్పిన పిల్లాడు, రెండో తట్టలో బెల్లం ముక్కలు. రెండూ సమానంగా నిలిచాక ఆ ముక్కల్ని దెబోరా విడిగా మూటగట్టింది.

"వారం దినాలు తల్లిపాలే. రోజూ వచ్చి నేను చూసుకుంట. మళ్ల సోమారం పోరడు గీ బెల్లం కన్న బరువు కాకుంటే, బర్రెపాలు నేనే తెచ్చి పోస్త."

ఆ వారం అనసూయ మరో పని ఎరుగదు. వాడు నోరు కదిపితే చాలు, ఒళ్ళోకి తీసుకునేది. మొదటి రెండు రోజులు పాలు వస్తున్నాయో లేదో తెలియక ఏడ్చింది. నాలుగో రోజు జాకెట్టు తడిసింది. ఆ తడిని చూసుకుని కూడా ఏడ్చింది గానీ, అది వేరే ఏడుపు. విరేచనాలు కట్టాయి. బొంతలు మాటిమాటికీ తడుస్తుంటే కొమురవ్వ గొణుగుతూ ఆరేసేది, కానీ రోజుకెన్ని తడిశాయన్న లెక్క మాత్రం మనసులో పెట్టుకునేది.

సోమవారం మళ్ళీ తరాజు కట్టారు. పిల్లాడున్న తట్ట నేరుగా కిందికి దిగిపోయింది.

"బెల్లం చీమలు తిన్నయా ఏంది?" అని మూట విప్పి చూసింది కొమురవ్వ. చీమ లేదు. తట్టలు అటుదిటు మార్చి తూచింది. పిల్లాడి వైపే మొగ్గింది. చివరికి పిడికెడు బెల్లం ముద్ద ఒకటి వేస్తే గానీ ముల్లు నడిమికి రాలేదు.

కొమురవ్వ బియ్యం బస్తా మీద కూలబడింది.

"నాకు తొలుత ఒక ఆడిపిల్ల పుట్టింది," అంది. ఆ సంగతి అంబదాస్ కూడా ఎన్నడూ వినలేదు. "నేను గూడ గిట్లనే సన్నగుంటి. మా అత్త చూసి పాలు లేవన్నది. మేకపాలల్ల నీళ్లు గలిపి పోసిన్రు. నలభై దినాలు నిలువలే. నా రొమ్ముల పాలు లేకనే సచ్చిందని గిన్నేండ్లు అనుకున్న నర్సమ్మా. నా పిల్లను ఎవ్వరు జోకలే."

దెబోరా ఆమె పక్కన బస్తా మీద కూర్చుని భుజం మీద చెయ్యేసింది. అనసూయ వచ్చి ఆ చేతినే తీసుకుని కళ్ళకు అద్దుకుంది. తన కొడుకును తనకు మిగిల్చిన చెయ్యి అది.

కొమురవ్వ లేచి, తట్టలోంచి ఆ పిడికెడు ముద్దను తీసి విరిచింది. సగం దెబోరా చేతిలో పెట్టి, సగం కోడలి నోటికి అందించింది.

"అత్తమ్మా, అది సమ్మక్క తల్లి బెల్లం..." అంటూ అనసూయ వెనక్కి జరిగింది.

"తల్లికి ఇంకో ముద్ద పెడ్త. గిది నీ పాల బరువు. తిను."

బెల్లం నోట్లో కరుగుతుండగానే పిల్లాడు గుక్కపట్టాడు. అంబదాస్ అలవాటుకొద్దీ గోడ గూట్లో పక్కన పెట్టేసిన ఉగ్గుగిన్నె వైపు చూశాడు. కొమురవ్వ కొడుకును బయటికి నెట్టి, గిన్నెను తీసి పప్పు డబ్బాల వెనక పడేసి, తలుపు దగ్గరికేసింది.

"ఇయ్యి బిడ్డా," అంది కోడలితో. "కడుపునిండ తాగనియ్యి."