సీలు తియ్యని పెట్టె

గ్రామఫోను రికార్డుల పెట్టె కొంటే లాభమా నష్టమా అని కువైట్‌లోని మిర్కాబ్ బజారు షాపుకొచ్చి ఎవరడిగినా బాలసుబ్బయ్య దగ్గర ఒకటే జవాబు. "వినేదానికైతే వద్దు, విడి రికార్డులు కొనుక్కో. దాచిపెట్టుకునేదానికైతే కొను. సీలు మాత్రం తియ్యొద్దు." అరబ్బీలో, హిందీలో, వచ్చీరాని ఇంగ్లీషులో ఇదే చెప్పీ చెప్పీ, చివరికి ఆ మాట తనే నమ్మి తనే ఒకటి కొనుక్కొచ్చాడా మహానుభావుడు.

రాజంపేట దగ్గరి పల్లె నుంచి కువైట్ వచ్చి, ఆ షాపులో తుడిచే పనికి చేరి, సేల్స్‌మన్‌దాకా ఎదిగిన మనిషి. భార్య మునిలక్ష్మి ఒక కువైటీ ఇంట్లో వంట చేసేది. ఆ ఇంటి వెనక గదిలోనే ఇద్దరి కాపురం. పెట్టె తెచ్చిన రోజు ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. లోపల చిన్న పళ్ళేలంత రికార్డులట, ఒక్కో పక్క ఒక్కటే పాటట. పైన మెరిసే ప్లాస్టిక్ సీలు.

"గాజులు చేయిస్తానంటివే, అవేనా ఇవి?"

"గాజులు అరుగుతాయి మునీ. ఇవి కొన్నే అచ్చేసినారు, మళ్ళా వెయ్యరు. పొయ్యేకొద్దీ ధర పెరుగుతాది."

"పాట ఎట్లుంటాదో ఒకసారి యిందామా?"

"సీలు తీస్తే ఖలాస్. ధర సగానికి పడిపోతాది."

"యినగూడని పాట, తినగూడని కూడు. బాగుండాదిలే నీ యాపారం," అని ఆమె పెట్టెను మంచం కిందికి నెట్టింది. ఆ తర్వాత ఊడ్చినప్పుడల్లా చీపురుతో దాన్ని పక్కకు తోస్తూ, మొగుడి తెలివికి ఒక దండం పెట్టేది.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్ మీద వచ్చిపడింది. మునిలక్ష్మి మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, పిల్లలతో సహా ఎండలకని విదేశాల్లో ఉంది. ఇల్లూ తాళాలూ మునిలక్ష్మి చేతిలో ఉన్నాయి. వీధుల్లో ట్యాంకులు, బజారులో రొట్టె దొరక్క కొట్లాటలు. ఇల్లాలు లేని కొంపలా ఊరంతా బావురుమంటోంది. మామా సామాను గదిలో బియ్యం, పప్పు, గ్యాసుబండలు దండిగా ఉన్నాయి. చుట్టుపక్కల మనవాళ్ళు ఆకలికి మాడిపోతుంటే చూస్తూ కూర్చునే మనిషి కాదు మునిలక్ష్మి. తెల్లారి లేచింది మొదలు పొద్దుగుంకే దాకా పొయ్యి ఆరనిచ్చేది కాదు.

ఒకరోజు బాలసుబ్బయ్య షాపు నుంచి వచ్చేసరికి మొహంలో నెత్తుటిచుక్క లేదు. ఒక ఇరాకీ కెప్టెన్ షాపుకొచ్చాడట. మిగతా సైనికులు టేప్‌రికార్డర్లు మోసుకుపోతుంటే, ఆయన మాత్రం సరిగ్గా ఆ పెట్టె పేరు చెప్పి అడిగాడట. చదువుకునే రోజుల నుంచి దానికోసం వెతుకుతున్నాడట.

"అమ్ముడుపోయిందని చెప్పినా. ఆయప్ప నమ్మలా. ఎప్పుడన్నా దొరికితే బడి దగ్గరికి తెచ్చియ్యి, నీకేం కావాలన్నా చేస్తాననె. వాళ్ళ మకాం ఆ బడిలోనే."

"ఇచ్చేస్తే పోలా?"

"ఇప్పుడే ఇస్తే ఏమొస్తాది? రేపు ఏ కష్టమొస్తాదో. అప్పుడు ఇదే మనకు దారి." పెట్టెను ఆమె చేతుల్లో పెట్టాడు. "దాచిపెట్టు. తడి తగలకూడదు, గీత పడకూడదు, సీలు తెగకూడదు. యాడ పెట్నావో నాకు మాత్రం చెప్పద్దు. కొడితే చెప్పేస్తానేమో."

నిజానికి ఆయనకు భయం ఆ కెప్టెన్ గురించి కాదు. షాపు యజమాని తమ్ముడు కువైట్ సైన్యంలో మనిషి, పక్క సందులో ఒక ఇంట్లో దాక్కునున్నాడు. రోజూ క్యారియర్‌లో అతనికి అన్నం మోసేది బాలసుబ్బయ్య. వండేది మునిలక్ష్మి. దొరికితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు, అయినా మానలేదు.

పెట్టె ఎక్కడ దాచాలా అని మునిలక్ష్మి ఇల్లంతా వెతికింది. బీరువాలు సైనికులు మొదట చూసేవే. మంచాలు తిరగేస్తారు. బాత్రూము తడి. అప్పుడు వాళ్ళమ్మ గుర్తొచ్చింది. జొన్నలు గానీ సొర విత్తనాలు గానీ, ఏడాదంతా కాపాడాల్సినవాటిని పొయ్యి పైన అటక మీదే పెట్టేది వాళ్ళమ్మ. పొగకు పురుగు పట్టదు, తడి చేరదు, దొంగ చెయ్యి పొయ్యి మీదికి పోదు. ఇంట్లో అంతకంటే మంచి జాగా లేదు. మామా వంటింట్లో పొయ్యి పైన గోడ అలమర ఉంది. మునిలక్ష్మి పెట్టెను పాత చీరలో చుట్టి అందులో పెట్టి, ముందు పప్పు డబ్బాలు అడ్డం పెట్టింది. ఇన్నాళ్ళూ చీపురుతో తోసిన పెట్టెను మొదటిసారి బిడ్డను పడుకోబెట్టినట్టు పడుకోబెట్టింది. కింద పెద్ద గిన్నెలో అన్నం ఉడుకుతూనే ఉంది.

తడి సంగతి చెప్పాడు, గీత సంగతి చెప్పాడు, వేడి సంగతి ఆయనకు తట్టనే లేదు. ఏళ్ళ తరబడి ఏసీలో పనిచేసిన మనిషికి ఎలా తడుతుంది?

జోర్డాన్ పోయే బస్సుల్లో ఇండియావాళ్ళను పంపుతున్నారని తెలిసి, ఇద్దరూ మూటలు కట్టుకున్నారు. బయల్దేరేముందు ఒక్కపూట అన్నం ఇచ్చొస్తానని పోయిన బాలసుబ్బయ్య తిరిగి రాలేదు. సందు మొదట్లో పట్టుకున్నారని, క్యారియర్‌లో అన్నం ఎవరికని అడిగితే నోరు విప్పలేదని, బడికి తీసుకుపోయారని పక్కింటి డ్రైవర్ లాల్ బాషా వచ్చి చెప్పాడు. మునిలక్ష్మి ఏడుస్తూనే బడికి పరుగెత్తింది.

కెప్టెన్ మర్యాదగానే మాట్లాడాడు. ఆమెకు వంటింటి అరబ్బీ వచ్చు, ఆయన నెమ్మదిగా చెప్పాడు. "రేపు పొద్దున ఇతన్ని బస్రా జైలు లారీలో పంపుతున్నాం. అక్కడి వాళ్ళ చేతికి పోతే ఇక నేనేం చెయ్యలేను. ఈలోపల వదిలెయ్యాలంటే నాకు ఒక కారణం కావాలి." తలుపు దగ్గరికి వేసొచ్చి అడిగాడు. "ఆ పెట్టె మీ దగ్గరే ఉంది కదా?"

ఉందని తలూపి, ఆమె వెనక్కి పరుగెత్తింది. ప్రాణం లేచొచ్చింది. పప్పు డబ్బాలు లాగి పడేసి చీర విప్పి చూసింది. సీలు తెగలేదు. ప్లాస్టిక్ మునుపటికంటే బిగుసుకున్నట్టుంది, అంతే. గట్టిగా ఉంటే మంచిదే కదా అనుకుంది. ఇంటి దేవుడికి మొక్కుకుంటూ, మొగుడి తెలివిని ఇన్నాళ్ళూ వెక్కిరించినందుకు లెంపలేసుకుంటూ మళ్ళీ బడికి పోయింది.

పెట్టె చూడగానే కెప్టెన్ మొహం వెలిగింది. షాపు నుంచి తెచ్చిన ప్లేయర్ అక్కడే బల్ల మీద ఉంది. బాలసుబ్బయ్యను పిలిపించాడు. పెదవి చిట్లి ఉంది, ఒక కన్ను వాచిపోయింది. పెళ్ళాన్నీ పెట్టెనూ చూసి, ఆ ఉన్న ఒక్క కన్నుతోనే నవ్వాడు.

"షాపువాడివి నువ్వే కదా, నువ్వే తెరువు," అన్నాడు కెప్టెన్.

బాలసుబ్బయ్య గోటితో సీలు చీల్చాడు. మూత తీసి మొదటి రికార్డు కవరులోంచి లాగాడు. అది నిప్పుల మీద వేసిన అప్పడంలా అంచులు లేచిపోయి ఉంది. రెండోదీ అంతే. కిందివి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. అయినా మొదటిదాన్ని ప్లేయర్ మీద పెట్టాడు. ముల్లు ఎగిరెగిరి పక్కకు జారిపోయింది. పాట రాలేదు.

బాలసుబ్బయ్య పెట్టెలోకి వంగాడు. ఇంగువ, తాళింపు వాసన. తల ఎత్తి మునిలక్ష్మి వైపు చూశాడు. ఎక్కడ పెట్టిందో అతనికి అర్థమైంది, ఏం జరిగిందో ఆమెకూ అర్థమైంది.

"ఎవరు చేశారు ఇది?" అన్నాడు కెప్టెన్.

"నేనే సార్. షాపు అద్దాల దగ్గర ఎండలో పెట్టినా. ఆమెకేం తెలీదు."

"అబద్ధం," అంది మునిలక్ష్మి. "నేను. పొయ్యి మీద పెట్టింది నేను. ఆయన కాదు, నేను." వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో అదే మాట మళ్ళీ మళ్ళీ చెప్పింది.

కెప్టెన్ రికార్డులన్నీ ఒక్కొక్కటే తీసి చూసి పక్కన పెట్టాడు. కోపం కూడా తెచ్చుకోలేదు. "ఎవరు చేస్తే ఏమి," అని మాత్రం అని, సైనికుడికి చెయ్యి ఊపాడు.

సైనికుడు బయటికి నడిపిస్తుంటే బాలసుబ్బయ్య తలుపు దగ్గర ఆగాడు. "మునీ, నువ్వు మంచిగానే దాచినావు. చెప్పాల్సింది నేను చెప్పలా. బస్సెక్కి ఊరికి పో."

లారీ మరునాడు వెళ్ళిపోయింది. లాల్ బాషా దంపతులు ఆమెను తమతో పాటు బస్సెక్కించారు. బాగ్దాద్ దాటాక ఎడారిలో బస్సు ఆగినప్పుడు, కువైట్‌లోనే మంగఫ్ అనే చోట పనిచేసిన వెంకటేశ్వరి అనే ఆమె పక్కన కూర్చుని, రొట్టె తుంచి చేతిలో పెట్టి అడిగింది.

"ఒక్కదానివే వస్తాండావా? మీ ఆయన యాడ?"

మునిలక్ష్మి రొట్టె నోట్లో పెట్టుకుని నమిలి మింగింది.

"వెనక బస్సులో వస్తాండాడక్కా."