ఆమెన్ అనాల్సింది మణికుమారి

జ్ఞానాంబకు కూతురిని ఎదురుగా కోప్పడే అలవాటు లేదు. ఏం చెప్పాలన్నా దేవుడికి చెప్పేది, కూతురికి వినపడేలా. మస్కట్‌లో దిగిన మర్నాడే మొదలుపెట్టింది. "తండ్రీ, దినమంతా నిలబడి నర్సు పని చేసేవాళ్ళు ఒట్టి టీ నీళ్ళతో బయల్దేరకుండా వాళ్ళకి బుద్ధి దయచెయ్యి." ఆ పూట మణికుమారి రెండు అట్లు తిని బస్సెక్కింది.

ఆ తల్లి కూతురే కదా, మణికుమారి మాత్రం తక్కువేం తినలేదు. మరుసటి ఉదయం కళ్ళు మూసుకుని, "ప్రభువా, బీపీ మాత్రలు ఉన్నది డబ్బాలో దాచుకోడానికి కాదని పెద్దవాళ్ళకి తెలియజెయ్యి" అంది. జ్ఞానాంబ ఆమెన్ అంటూనే మంచినీళ్ళ గ్లాసు అందుకుంది.

మూడు నెలలు ఇలాగే సాగింది. ఏడు నెలల పిల్లాడిని చూసుకోవడానికే మణికుమారి తల్లిని పిలిపించుకుంది. భర్త ప్రసాద్ బాబు సహం అనే దూరపు ఊరి దగ్గర ఒక కంపెనీలో స్టోర్‌కీపరు. వారానికి ఒక్కరోజు ఇంటికొస్తాడు. ఇప్పుడు తల్లి వీసా అయిపోవచ్చింది, శనివారం ప్రయాణం. మణికుమారి సెలవులన్నీ కాన్పుకే అయిపోయాయి. ఉద్యోగం మానేస్తే ఆసుపత్రి ఇచ్చిన ఈ గది కూడా పోతుంది. పిల్లాడిని అమ్మమ్మతో నరసాపురం పంపడం తప్ప దారి లేదని ప్రసాద్ బాబు తేల్చేసి, చేతులు దులుపుకుని డ్యూటీకి పోయాడు. తల్లిని అడగాల్సింది మాత్రం మణికుమారి. వారం రోజులుగా ఆ మాట గొంతు దాటి రావడం లేదు.

బుధవారం ఉదయం ఐదున్నరకు ఇద్దరూ చాప మీద కూర్చున్నారు. మధ్యలో పిల్లాడు చెంచా చప్పరిస్తున్నాడు. ముందు చిన్నవాళ్ళు, చివర పెద్దవాళ్ళు ప్రార్థించడం వాళ్ళింటి పద్ధతి. మణికుమారి వార్డులో రోగుల కోసం, ఊళ్ళో సంఘం కోసం, తుపానులో ఇళ్ళు పోయినవాళ్ళ కోసం ప్రార్థించింది. లోకంలో అందరూ అయ్యారు గానీ, అసలు మాట ఎత్తకుండానే ముగించింది. తన పిరికితనం మీద తనకే అసహ్యం వేసింది.

జ్ఞానాంబ గొంతు సవరించుకుంది.

"తండ్రీ, ఇది అడగలేకపోతోంది. నాకు తెలుసు. దీన్ని ఏడాది పిల్లప్పుడు మా అత్తగారి దగ్గర వదిలేసి నేను టీచర్ ట్రైనింగుకి పోయాను. రెండేళ్ళకి తిరిగొస్తే నన్ను చూసి ఆవిడ కొంగు చాటున దాక్కుంది. నా దగ్గరికి రావడానికి దీనికి ఇంకో ఏడాది పట్టింది. ఆ సంగతి దీనితో ఎప్పుడూ అనలేదు. పిల్లాణ్ణి ఇస్తే కళ్ళల్లో పెట్టుకుని పెంచుతాను. కానీ వాడు నన్నే అమ్మ అనుకుంటాడు. అది ఓర్చుకోగలిగితేనే దీని చేత ఆమెన్ అనిపించు. లేదంటే వేరే దారేదో నువ్వే చూపించు."

మణికుమారి కళ్ళు తెరిచింది. తల్లి ఇంకా కళ్ళు మూసుకునే ఉంది. పిల్లాడు చెంచా కింద పడేసి మణికుమారి చీర అంచు పట్టుకున్నాడు. వీధిలో ఆసుపత్రి బస్సు హారన్ కొట్టింది. వేరే దారి కోసం ఆమె వెతకని చోటు లేదు, అడగని మనిషి లేదు. హారన్ మళ్ళీ మోగింది.

"ఆమెన్" అంది. అంటుంటేనే ఏడుపొచ్చింది.

జ్ఞానాంబ పిల్లాడి వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి వాణ్ణి ఒళ్ళోకి తీసుకుంది. కూతురి ముఖంలోకి చూసింది.

"సాయంత్రం స్టూడియోకెళ్ళి ఓ ఫోటో తీయించుకో మణీ. పెద్దది. వాడికి దాన్నే చూపించి 'అమ్మా' అనడం నేర్పుతాను."