ఎముకలో వాటా

ఒకే నెలలో తోడికోడళ్ళిద్దరికీ రాజమండ్రి ఆసుపత్రిలో తుంటి ఆపరేషన్లయ్యాయి. కోసి తీసిన ఎముక ముక్కను పరిశోధనకు ఇవ్వడానికి చిన్నకోడలు సత్యకుమారి సంతకం పెట్టిందని తెలియగానే పెద్దకోడలు వీరదుర్గకు కడుపు మండిపోయింది. మగాళ్ళు గోదాట్లో పట్టుకొచ్చిన చేపలను అత్తగారు ధవళేశ్వరం గట్టు మీద వాటాలు వేసిన రోజుల నుంచీ పెద్ద కుప్ప ఆ చిన్నదానికే.

"ఏం, నాది పనికిరాదాండీ?" అంటూ తనూ వేలిముద్ర వేసింది.

కొన్నాళ్ళకు ఇద్దరూ చూపించుకోవడానికి వెళ్ళారు.

"మా పరిశోధనకి మీ ఎముకే ముఖ్యమండీ," అంది డాక్టరమ్మ.

వీరదుర్గ తోడికోడలి వంక గర్వంగా చూసింది.

"ఎముక కట్టే కణాల్లో పనులు పురమాయించే చీటీల్లాంటివి ఉంటాయి. ఆర్‌ఎన్‌ఏ అంటాం. వాటి మీద సన్నటి రసాయన గుర్తులు పడాలి. మీకవి తక్కువ పడ్డాయి. ఎముక గుల్లబారింది అందుకేనేమో అని చూస్తున్నాం. సత్యకుమారిగారికి కీలు అరిగిందంతే, ఎముక గట్టిది. గుర్తులూ ఎక్కువే. పోల్చుకోడానికి ఆవిడది పెట్టుకున్నాం."

వీరదుర్గ మొహం మాడిపోయింది.

"ఆ గుర్తులేసేది ఎవరండీ?"

"ఎవరూ వెయ్యరండీ, ఒంట్లోనే పడతాయి."

"నాకు తెలీదేంటండీ!" అని లేచింది వీరదుర్గ. "చచ్చిన మా అత్త ఎక్కడ చేరిందో ఇప్పుడు తెలిసింది."