పగులుకు అవతల

గనుల కంప్యూటర్ గేమ్‌లో ఏ రాతి కింద ఏ ఖనిజం పుట్టాలో నిర్ణయించే పని కోడలిది. మొదట్లో ఆమె రాగినీ ఇనుమునీ నేలంతా గింజలు చల్లినట్టు చల్లేసింది. ముప్పై ఏళ్ళు గనిలో డ్రిల్లర్‌గా చేసి రిటైరైన మామగారు పది నిమిషాలు ఆడి కళ్ళజోడు తీసేశారు. గని అంటే ఇదే అయితే తాను ముప్పై ఏళ్ళూ గడ్డి పీకినట్టే లెక్క అన్నారు.

ఆమెకు ఒళ్ళు మండింది. కానీ రెండు రోజులు తిరక్కుండానే కుర్చీ లాక్కుని ఆయన పక్కన చేరింది. ఆయన చెప్పిందల్లా కోడ్‌లోకి ఎక్కించింది. ముందు రాతిలో పగుళ్ళు పడాలి. వాటి వెంట అడుగునుంచి వేడినీళ్ళు పైకి రావాలి. అవి చల్లారిన చోట రాగి పాయలుగా మిగలాలి. తర్వాతెప్పుడో నేల మళ్ళీ విరిగితే ఆ పాయ తెగి పక్కకు జరగాలి. తెగిన ముక్క దగ్గర్లోనే దొరికే అవకాశం ఎంతో మాత్రం పుస్తకాలు తిరగేసి ఆమే ఒక అంకె వేసింది.

ఆదివారం మధ్యాహ్నం ఆయన ఒక పాత కాగితం తెచ్చారు. ఖనిజం కోసం గనిలో వేసిన ఒక బోరులో ఎన్ని మీటర్ల దగ్గర ఏ రాయి తగిలిందో అందులో ఉంది. ఈ నేలను గేమ్‌లో తయారుచెయ్యగలవా అని అడిగారు. నూటపది మీటర్ల దాకా కాగితంలో ఉన్నట్టే పెట్టి, మిగతాది వెయ్యిసార్లు కొత్తగా పుట్టించమని ఆమె కంప్యూటర్‌కు అప్పజెప్పింది.

అది నడుస్తుండగా, ఆయన గోడకేసి చూస్తూ చెప్పారు. అది వాళ్ళ గనిలో ఆఖరి బోరు. నూటపది దగ్గర రాగి ఆగిపోయి ఉత్త రాయి వచ్చింది. రాయిని తొలిచే బిట్ అరిగిపోయింది, షిఫ్టు అయిపోవస్తోంది. కొత్త బిట్ బిగించడానికి బద్ధకించి, పాయ అయిపోయిందని రాసి సంతకం పెట్టేశారు. నెల తిరక్కుండా గని మూతపడింది. రెండు వందల కుటుంబాలు చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయాయి. ఈ సంగతి ఆయన కట్టుకున్న భార్యకు కూడా చెప్పలేదు.

ఫలితం వచ్చింది. వెయ్యిలో ఆరువందల పన్నెండు సార్లు, పాయ తెగిన పగులుకు అవతల ఇరవై మీటర్లలోపే రాగి ఉంది.

తను వేసిన ఆ ఒక్క అంకె తగ్గించి మళ్ళీ నడిపితే చాలు, ఈ పెద్దాయన మనసు కుదుటపడుతుంది. ఆమె చెయ్యి కీబోర్డు మీదకు వెళ్ళింది కూడా.

"ఎన్నిసార్లు ఉందమ్మా?" అన్నారు మామగారు.

"ఇది ఆట, మామయ్యగారూ. నేను వేసిన అంకెను బట్టి వస్తుంది. మారిస్తే మారిపోతుంది."

"నా కోసం మార్చకు. వచ్చిందే చెప్పు."

చెప్పింది. అబద్ధం ఆడి ఉంటే బాగుండేదని ఆమెకు ఏడుపొచ్చింది.

ఆయన తన ఫోన్ తెచ్చిమ్మన్నారు. ఆ బోరు మీద తనతో పనిచేసిన హెల్పర్ ఒకతను ఉన్నాడట. ఇంకాస్త దింపుదామని ఆ రోజే అన్నాడట, తనే కసిరి నోరు మూయించారట. ముందు అతనికి చెప్పాలి అన్నారు. ఆయన ఫోన్‌లో నంబరు ఆమే వెతికి నొక్కింది.

అవతలి మనిషి ఫోనెత్తి, ఆయన నోరు తెరిచేలోపే, "ఒంట్లో ఎలా ఉంది అన్నా?" అని అడిగాడు.