ముక్కు లేని ఎలీసమ్మ

పర్చూరులో ఏసోబు చేసిన తలుపుకు వంక పెట్టినవాడు లేడు. అలాంటి మనిషికి యాభై దాటాక బొమ్మల పిచ్చి పట్టింది. పోనీ, అందరిలా చెక్కుతాడా అంటే అదీ లేదు. కళ్ళుండవు, ముక్కుండదు. మొద్దును గోడకు ఆనించి నాలుగు రోజులు ఊరికే చూస్తాడు. తర్వాత బాడిశతో పెచ్చు పెచ్చుగా లేపుతూ, ఇంకొంచెం తీస్తే మనిషి మాయమవుతాడు అనిపించిన చోట ఆపేస్తాడు. మొహం చూసి ఎవడైనా గుర్తుపడతాడు, నిలబడ్డ తీరు చూసి గుర్తుపట్టాలి అనేది అతని వాదన.

ఈసారి చెక్కింది భార్య ఎలీసమ్మను. మిరప చేలో వంగి కాయ కోస్తున్న మనిషి. వంచిన నడుం, కాయలతో బరువెక్కిన ఒడి, నేలకు గట్టిగా తన్నిపెట్టిన ఎడమ కాలు, కాస్త లేచిన కుడి మడమ. ఒంగోలు ఎగ్జిబిషన్‌కు పంపాలి. అయితే లోలోపల ఒక పంతం పెట్టుకున్నాడు. చెప్పకుండానే ఎలీసమ్మ తనను తాను పోల్చుకోవాలి. పోల్చుకోలేదా, బొమ్మలకు దండం పెట్టేసి తలుపులే చేసుకుంటాడు. వారం నుంచి ఆ బెంగతో అన్నం సహించడం లేదు.

ఆటో తీసుకొచ్చిన మాబు సాహెబ్ బొమ్మ చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. కలప అడితి అతనిదే, మొద్దు ఇచ్చిందీ అతనే.

"ఏరా ఏసోబూ, బంగారం లాంటి వేప మొద్దు ఇచ్చానే! కుర్చీ చేయబోయి మధ్యలో ఆపేశావా?"

"నువ్వు కాసేపు నోరు మూసుకో సాయిబూ."

చేతులు తుడుచుకుంటూ ఎలీసమ్మ బయటికి వచ్చింది. బొమ్మను కిందినుంచి పైదాకా చూసింది.

"ఎవరో చెప్పుకో," అన్నాడు.

"చెప్పేదేముంది, నేనే. ఒడి అంత కిందకి జారేట్టు నేను గాక ఇంకెవరు కట్టుకుంటారు?"

ఏసోబు ఆనందం పట్టలేకపోయాడు. మీసం మీదికి చెయ్యి కూడా పోయింది.

"కాలే తప్పు చెక్కావయ్యా," అంది ఆమె.

"ఏ కాలు?"

"ఎడం కాలి మీద బరువేసి నేను నిలబడలేనుగా. మోకాలు పట్టేసుద్ది. కుడికాలి మీదే కోస్తా."

"ఎప్పట్నుంచి?"

"ఆరాధన కడుపులో ఉన్నప్పుడు చేలో జారి పడ్డా కదా, అప్పట్నుంచి."

వాళ్ళ కూతురు ఆరాధనకు కిందటేడే డిగ్రీ అయిపోయింది.

"ముక్కు మానేసినవాడివి, ఆ కాలు కూడా మానేస్తే పోయేదిరా," అన్నాడు మాబు సాహెబ్.

ఎలీసమ్మ పకపకా నవ్వి, టీ పెడతానంటూ ఇంట్లోకి నడిచింది. ఏసోబుకు నవ్వు రాలేదు, సిగ్గేసింది. గుమ్మం దగ్గర ఆమె ద్వారబంధం చెక్కను పట్టుకుని, ముందు కుడికాలు లోపల పెట్టి, ఎడమ కాలిని మెల్లగా వెంట తెచ్చుకుంది. ఆమె పట్టుకున్న చోట చెక్క అరిగి నున్నగా మెరుస్తోంది.

"ఆటో ఎక్కిద్దామా?" అడిగాడు మాబు సాహెబ్.

"వద్దు సాయిబూ. ఇంకో వేప మొద్దు కావాలి."

"మళ్ళీ ఎవరి బొమ్మరా?"

"మా ఆవిడదే. ఈసారి చూసి చెక్కుతా."